గొడవ వద్దనుకునే మనసు – ఒత్తిడి

‘గొడవెందుకు, పోనీలే’ అని సర్దుకుపోయేవారు ప్రతి ఇంట్లోనూ, ప్రతి తరగతిలోనూ ఉంటారు. వీరిని నెమ్మదస్తులని మెచ్చుకుంటాం. మరి ఒత్తిడి వచ్చినప్పుడు వీరి శరీరం, మనసు ఎలా స్పందిస్తాయి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

సంఘర్షణను మనుషులు ఎదుర్కొనే తీరును కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ అనే పరిశోధకులు 1974లో ఐదు విధాలుగా విభజించారు. అవి పోటీపడటం, కలిసి పరిష్కరించుకోవడం, రాజీపడటం, ఎదుటివారి మాటకు ఒప్పుకోవడం, తప్పుకోవడం. సందర్భాన్నిబట్టి అందరం ఈ ఐదింటినీ వాడతాం. తప్పుకోవడమే అలవాటైపోయినప్పుడు అది మూర్తిమత్వ లక్షణంగా కనిపిస్తుంది. అయితే ఇది మార్చుకోగలిగిన అలవాటే, నుదుటిరాత కాదు.

ఇప్పుడు శరీరంలో జరిగేది చూద్దాం. ముప్పు ఎదురైతే సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది. అధివృక్క గ్రంథుల నుంచి ఎడ్రినలిన్, కొంతసేపటికి కార్టిసాల్ విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. వాల్టర్ కానన్ వర్ణించిన ‘పోరాడు లేదా పారిపో’ ప్రతిస్పందన ఇదే. ఒత్తిడి చాలాకాలం కొనసాగితే హెచ్చరిక, ప్రతిఘటన, అలసట అనే మూడు దశలు వస్తాయని హాన్స్ సెల్యే వివరించాడు. ఎలుకలపై చేసిన ప్రయోగాల ఆధారంగా 1936లో ఆయన ఈ భావనకు పునాది వేశాడు.

గొడవకు దూరంగా ఉండేవారు పారిపోయే దారినే ఎంచుకుంటారు. కాని వారు దాటివచ్చింది గదినే తప్ప సమస్యను కాదు. అది నివురుగప్పిన నిప్పులా లోపలే ఉంటుంది. 1990లలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ కొందరికి బాధ కలిగించే చలనచిత్రాలు చూపి, భావాలు పైకి కనిపించనీయవద్దన్నారు. వారి ముఖాలు ప్రశాంతంగానే ఉన్నాయి. సహానుభూత నాడీవ్యవస్థ మాత్రం మరింత చురుకుగా పనిచేసింది. పైకి నిమ్మళంగా ఉన్నంతమాత్రాన లోపల నిమ్మళమని కాదన్నమాట.

అయినా ఈ అలవాటు ఎందుకు పోదు? మాట దాటవేయగానే ఆందోళన తగ్గుతుంది. ఆ ఉపశమనమే బహుమతిలా పనిచేసి, మరోసారి కూడా దాటవేసేలా చేస్తుంది. దీన్ని రుణాత్మక పునర్బలనం అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఒక తెలుగు కుటుంబం ఉందనుకోండి. తండ్రి ఇంజనీరింగ్ అంటాడు. కొడుకుకు జీవశాస్త్రం ఇష్టం. అయినా ‘సరే నాన్నా’ అని తల ఊపుతాడు. తర్వాత పుస్తకం తెరిచినా చదువు సాగదు, తలనొప్పి, నిద్రలేమి మొదలవుతాయి. దరఖాస్తు గడువు దగ్గరపడుతుంది. ఇంట్లో అందరూ దాన్ని బద్ధకమనుకుంటారు. నిజానికి అది చెప్పలేకపోయిన ‘కాదు’.

ఈ విషయంలో జంషెడ్‌పూర్ చరిత్రే ఒక పాఠం. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైన ఈ ఊరికి తెలుగువారితో సహా ఎన్నో ప్రాంతాల కార్మికులు వచ్చారు. 1928లో నెలల తరబడి సమ్మె సాగింది. ఆ ఏడాదే సుభాష్ చంద్రబోస్ కార్మిక సంఘ నాయకత్వం చేపట్టి ఒప్పందం కుదిర్చాడు. 1956లో టాటా యాజమాన్యం, కార్మిక సంఘం కలిసి చర్చించుకునే సంయుక్త సంప్రదింపుల ఏర్పాటు జరిగింది. ఆ తర్వాత కూడా 1958లో మరో సమ్మె వచ్చింది. అంటే చర్చకు దారి ఉన్నంతమాత్రాన గొడవలే రావని కాదు. వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు ఉంటుంది. ఇంట్లోనూ అలాంటి చోటు అవసరం.

అలాగని కోపమంతా వెళ్లగక్కడం మందు కాదు. అరిచినకొద్దీ కోపం పెరుగుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. మరేం చేయాలి?

మొదట సమస్యను ఒక్క వాక్యంలో కాగితంపై రాయండి. రెండోది, సమయం ఎంచుకోండి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రితో అప్పుడే మొదలుపెట్టవద్దు. మూడోది, నింద లేకుండా మీ సంగతి చెప్పండి: ‘నాన్నా, నాకు జీవశాస్త్రం చదవాలని ఉంది. ఆదివారం మీతో ఓ అరగంట మాట్లాడవచ్చా?’ నాలుగోది, చిన్న విషయాలతో సాధన చేయండి. భయపడినంత నష్టం జరగలేదని తెలిసినకొద్దీ ధైర్యం పెరుగుతుంది.

తప్పుకోవడం కొన్నిసార్లు వివేకమే. విషయం చిన్నదైనా, ఎదుటివారు కోపంలో ఉన్నా, మీకు హాని జరిగే ప్రమాదమున్నా ఆగడమే మంచిది. మళ్లీ ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించుకుంటే అది వాయిదా. ఆ ఊసే ఎత్తకపోతే అది తప్పించుకోవడం. హాని భయం ఉంటే మాత్రం నమ్మకమైన పెద్దల సాయం తీసుకోండి.

నిద్ర, ఆకలి వారాల తరబడి దెబ్బతింటే ఉపాధ్యాయులకో, వైద్యులకో చెప్పండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆలోచించండి: మీరు ఈమధ్య ‘సరే’ అన్నవాటిలో నిజంగా ‘సరే’ అయినవి ఎన్ని?