పదమూలములు: పోలిక చాలునా?

బ్రహ్మ, అబ్రాహాము ఒకే పేరనియు, సరస్వతి అనగా శారాయే అనియు మన ప్రసంగ వేదికలపై తరచుగా వినుచుందుము. వినుటకు ఇంపుగానే ఉండును. సేవారంభములో మేమును ఈ మాట చెప్పినవారమే. ఒక గ్రామ కూటములో సంస్కృతము చదివిన పెద్దాయన లేచి, "అయ్యగారూ, దీనికి ఆధారమేమి?" అని అడిగినప్పుడు మాయొద్ద జవాబు లేకపోయెను. ఆ తరువాత మేము చెప్పిన సువార్తను కూడ ఆయన అనుమానముతోనే విన్నారు.

ఒక పేరును ముందుగా దాని స్వంత భాషలో విడదీసి చూడవలెను. ఆదికాండము 17:5కు ముందు ఆయన పేరు అబ్రాము. హెబ్రీలో 'అబ్' అనగా తండ్రి, 'రామ్' అనగా ఉన్నతమైన. దీనినుండి 'బ్రహ్మ'ను రాబట్టవలెనంటే 'తండ్రి' అను మాటను నడుమకు కోసి సగము పారవేయవలెను. పైగా ఈ పోలికకు ప్రాణమైన హకారము పాత రూపములో లేనే లేదు! అటు ఋగ్వేదములో నపుంసకలింగమైన 'బ్రహ్మన్' పదమునకు ప్రార్థన, మంత్రవాక్కు అని అర్థము. సృష్టికర్తయైన దేవత పేరుగా అది తరువాతి కాలమున స్థిరపడినది.

సరస్వతి అనగా సరస్సులు గలది. ఋగ్వేదములో అది నది పేరు. ఇరానీయుల ప్రాచీన అవెస్తా భాషలో ఆ పేరే 'హరఖ్వైతి'. సంస్కృత సకారమునకు అక్కడ హకారము వచ్చుట ఈ ఒక్క పదములోని వింత కాదు. సప్త హప్త అయినది, సోమ హఓమ అయినది. ఇట్టి క్రమము పదే పదే కనబడినప్పుడే దానిని సాక్ష్యమందుము. శారా అనగా రాజకుమార్తె. ఆ పేరులో నీటి ప్రసక్తి లేదు.

ఈ క్రమమే ఎస్తేరు 1:1లోని మన దేశపు పేరును వివరించుచున్నది. మన 'సింధు' పారసీకుల నోట 'హిందు' అయినది, దర్యావేషు (క్రీ.పూ. 522-486) శాసనములలో 'హిందుష్' అను ప్రాంతము పేర్కొనబడినది. హెబ్రీలో నకారము తరువాతి హల్లులో కలిసిపోవుట సాధారణము గనుక అది 'హోద్దు' అయినది. అదే అధ్యాయము 6వ వచనములోని 'కర్పస్' సంస్కృత 'కర్పాస', అనగా ప్రత్తి. హెబ్రీ బైబిలంతటిలో ఆ పదము వచ్చినది అక్కడే, పారసీక రాజు విందులోనే. సరుకు వచ్చిన దారి, కాలము, ధ్వని మూడును కలియుచున్నవి.

1 రాజులు 10:22లో నెమళ్లని అనువదింపబడిన 'తుక్కియ్యీమ్'ను తమిళ 'తోకై'తోను మన 'తోక'తోను కలుపుట మాకును ఇష్టమే. నెమలి మన దేశపు పక్షి గనుక అది అసాధ్యము కాదు. అయితే అక్కడ ఒక విధమైన కోతులను ఉద్దేశించిరను పండితులును కలరు. కాబట్టి తరగతిలో ఈ పదము వచ్చినప్పుడు 'కావచ్చును' అని మాత్రమే చెప్పుచున్నాము.