మొదటి విమానం కడుతున్నారా? ముందు తూకం చూడండి

బాల్సా గ్లైడరు పెట్టె విప్పగానే ఎవరికైనా చేతులు ఊరుకోవు. కాని కాస్త ఆగండి. మొదటిసారి కట్టిన విమానం ఎగరకుండా నేలకూలితే కర్రలో బలం లేదనుకుంటాం. తరచు లోపం బలంలో కాదు, తూకంలో ఉంటుంది.

బాల్సా మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో పెరిగే చెట్టు. దాని కర్ర ఒక ఘన సెంటీమీటరు సుమారు 0.16 గ్రాము తూగుతుంది. అంటే నీటి బరువులో ఆరోవంతు! అంత తేలికైన కర్రను జిగురుతో బరువెక్కించకూడదు.

ఒక లెక్క చూడండి. ఏ వస్తువు బరువైనా ఒక బిందువు వద్దే ఉన్నట్లు పనిచేస్తుంది. అదే గరిమనాభి. మీ గ్లైడరు బరువు 20 గ్రాములనుకుందాం. గరిమనాభికి 30 సెం.మీ. వెనుకనున్న తోకలో 1 గ్రాము జిగురు ఎక్కువ పడింది. దాని భ్రామకం 1 × 30 = 30. ముక్కు 10 సెం.మీ. ముందుంటే అక్కడ 3 గ్రాముల మట్టి అంటించాలి. 1 గ్రాము పొరపాటుకు 4 గ్రాముల బరువు! తూగుబల్ల మీద పిల్లవాడు దూరంగా కూర్చుంటే బరువైన పెద్దవాణ్ణి కూడా ఎత్తగలడు కదా, ఇదీ అంతే.

కట్టేటప్పుడు ముందు భాగాలన్నీ పటంతో సరిచూసుకోండి. పటం మీద పలుచని ప్లాస్టిక్ కాగితం పరిస్తే జిగురు దానికి అంటదు. అతుకుకు ఒక పలుచని పూత చాలు. పూర్తిగా ఆరేదాకా కదపవద్దు. రెండు రెక్కల కొనలూ సమానంగా పైకి లేచి ఉండాలి. గ్లైడరు పక్కకు ఒరిగితే తిరిగి నిలదొక్కుకోవడానికి ఆ ఎత్తు తోడ్పడుతుంది.

ఇప్పుడు పటంలో గరిమనాభి గుర్తు ఉన్నచోట, రెక్కల కింద రెండు వేలికొనలు ఆనించి ఎత్తండి. గ్లైడరు అడ్డంగా నిలవాలి. తోక వాలితే ముక్కుకు మట్టి చేర్చండి. అలాగే ఎగరేస్తే ముక్కు పైకి లేస్తుంది, వేగం తగ్గుతుంది. రెక్క గాలికి సుమారు 15 డిగ్రీలకు మించి ఏటవాలైతే గాలి దాని పైభాగాన్ని అంటి ప్రవహించదు. ఎత్తే బలం పడిపోయి విమానం కూలుతుంది. దీన్నే స్టాల్ అంటారు. ముక్కు బరువెక్కువైతే సూటిగా నేలకు దిగుతుంది. కొంచెం మట్టి తీసివేయండి.

మొదటి పరీక్షకు గాలి లేని ఉదయం, గడ్డి ఉన్న మైదానం మంచివి. ఉప్పల్, నాచారం వీధుల్లో ఇళ్ళూ విద్యుత్ తీగలూ దట్టం. అక్కడ వద్దు, బడి మైదానానికి వెళ్ళండి. తీగల్లో చిక్కుకున్న విమానాన్ని ఎప్పుడూ తీయబోకండి. గ్లైడరును బలంగా విసరక, ముక్కు కొద్దిగా వంచి మెల్లగా వదలండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి. అప్పుడే ఏ మార్పు ఫలించిందో తెలుస్తుంది.

అమెరికాలో పెట్టెల్లో వచ్చిన భాగాలతో మనుషులెక్కే విమానాలనే ఇంటి షెడ్లలో కట్టుకునేవారున్నారు. ఎగరకముందు వారు మూడు చక్రాల కింద మూడు త్రాసులుంచి తూచి, గరిమనాభి ఎక్కడుందో లెక్కకడతారు. మీరు రెండు వేళ్ళతో చేసిన పరీక్షే అది. అక్కడ తూకం తప్పితే పోయేది బాల్సా కర్ర కాదు, ప్రాణం. అందుకే ఆ అలవాటు మీ మొదటి గ్లైడరుతోనే మొదలుకావాలి.