రైలును కాదు, రైలు మనిషిని ఫొటో తీయుట

 ఈ నెల గోడపత్రికలో రైలు ఫొటోల పోటీల గురించి, రైలు దగ్గర పనిచేసే మనుషులను ఫొటో తీయడం గురించి వ్రాస్తున్నాను. మనలో చాలామంది ఇంకా రైలు ఎక్కలేదు. అయినా మన కొండల్లోంచే రైలు పోతుంది. మన ఊళ్ళ మనుషులు కొందరు ఆ లైను మీద పనిచేస్తారు. కావున ఇది మనకు సంబంధం లేని విషయం కాదు.

పోటీ అంటే ఏమిటి?

రైలు బండ్లను ఫొటో తీసేవాళ్ళు అన్ని దేశాల్లో ఉన్నారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ అనే ఊరిలో సెంటర్ ఫర్ రైల్‌రోడ్ ఫొటోగ్రఫీ అండ్ ఆర్ట్ అనే సంస్థ ఉంది. దానిని 1997లో స్థాపించారు. అది రైలు ఫొటోలకు పోటీ పెడుతూ వచ్చింది. స్థాపించినవారిలో ఒకరైన జాన్ గ్రూబర్ 2018లో చనిపోయారు. ఆ పోటీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఇటువంటి పోటీల్లో ఒక అంశం ఇస్తారు. ఆ అంశానికి సరిపోయే ఫొటోలు పంపాలి. ఇంజను బాగా మెరిసినంత మాత్రాన బహుమతి రాదు. వెలుగు ఎటు నుండి పడింది, చూసేవాడికి ఏమి తెలిసింది, కొత్తగా ఏమి చూపించారు అని చూస్తారు. ఇంజను ఫొటో ఎవరైనా తీస్తారు. ఇంజను కదలదని మాట్లాడదని కాదు గాని, దానికి సిగ్గు లేదు, కోపం రాదు. మనిషిని తీయడమే కష్టం.

మనుషులను తీసిన ఇద్దరు

మొదటివారు జాక్ డెలానో. ఆయన 1914లో ఉక్రెయిన్‌లో పుట్టి, 1923లో చిన్నపిల్లవాడుగా అమెరికా చేరారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1942, 1943 సంవత్సరాల్లో, అక్కడి ప్రభుత్వం తరఫున రైల్వే పనులను ఫొటో తీశారు. 1943 మార్చిలో చికాగో నుండి కాలిఫోర్నియా దాకా శాంటా ఫే రైలుమార్గంలో ప్రయాణం చేస్తూ తీశారు. డ్రైవర్లను, పాయింట్లు మార్చేవాళ్ళను, షెడ్డులో పనివాళ్ళను అందరినీ తీశారు.

అప్పుడు మగవాళ్ళు చాలామంది యుద్ధానికి పోయినారు. అందుచేత ఆ పనులకు ఆడవాళ్ళు వచ్చారు. 1943 ఏప్రిల్‌లో అయోవా రాష్ట్రం క్లింటన్ ఊరి ఇంజను షెడ్డులో ఆడవాళ్ళు ఇంజన్లను తుడిచేవారు. వాళ్ళు తలకు గుడ్డ కట్టుకుని, మసి చేతులతో బల్ల దగ్గర కూర్చుని మధ్యాహ్నం తింటున్న రంగుల ఫొటో ఉంది. మా సార్ కంప్యూటర్‌లో చూపించినారు. మన అమ్మలు కూలిపని మధ్యలో చెట్టు కింద కూర్చున్నట్టే ఉంది.

నాకు ఫొటో కంటే కూడా దాని కింద రాసిన మాటలు నచ్చాయి. పెద్ద ఇంజనును ఆవిరితో కడుగుతున్న ఆమె పేరు వయోలా సీవర్స్ అని రాసి ఉంది. ఇంకో ఆమె మార్సెల్లా హార్ట్, ముగ్గురు పిల్లల తల్లి అని ఉంది. ఎనభై ఏళ్ళు దాటినా వాళ్ళ పేర్లు పోలేదు. ఆ ఫొటోలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి.

ఆయన తీసిన రాత్రి ఫొటో ఒకటి చెప్తాను. లాస్ ఏంజిలిస్ యార్డులో తీసింది. కెమెరాను కదలకుండా పెట్టి, దాని కన్ను, అనగా షట్టర్, చాలాసేపు తెరిచి ఉంచారు. అలా ఉంచితే కదిలే దీపం చుక్కలాగ కాకుండా గీతలాగ పడుతుంది. ఆ ఫొటోలో లావు గీతలు ఇంజన్ల దీపాలు. సన్నగీతలు పనివాళ్ళు చేతిలో పట్టుకు తిరిగిన దీపాలు. మనిషి కనిపించడు, కానీ రాత్రంతా ఎంత తిరిగాడో కనిపిస్తుంది.

రెండవవారు ఓ. విన్‌స్టన్ లింక్. ఆయన 1955 నుండి 1960 దాకా నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైలుమార్గంలో చివరి ఆవిరి ఇంజన్లను తీశారు. ఎక్కువగా రాత్రిపూటే తీశారు. పగలు ఎండ మన మాట వినదు. రాత్రి అయితే ఎక్కడ వెలుగు కావాలో అక్కడ ఫ్లాష్ బల్బులు పెట్టుకోవచ్చు. ఎన్నో బల్బులను తీగలతో కలిపి ఒక్కసారి వెలిగించేవారు. బండితోబాటు అక్కడి పనివాళ్ళను, లైను పక్క ఊరివాళ్ళను కూడా ఫొటోలో నిలబెట్టేవారు. రోనోక్ ఊరిలో 2004 నుండి ఆయన పేరుతో మ్యూజియం ఉంది.

ఇంకొక సంగతి. ఆ దేశపు ఆదివాసులైన లగూనా, నవాహో ప్రజలు శాంటా ఫే రైలుమార్గంలో పనిచేశారు. లగూనా వాళ్ళ భూమిలోంచే ఆ లైను పోయింది. ఇది చదివినప్పుడు నాకు మన కొండలు గుర్తుకొచ్చాయి.

మన లైను

మనది కొత్తవలస–కిరండూల్ లైను. 1960 దశకంలో బైలదిల్లా గనుల ఇనుపరాయిని విశాఖపట్నం ఓడరేవుకు తీసుకుపోవడం కోసం కట్టారు. దీనిలో 58 సొరంగాలు ఉన్నాయి. టూరిస్టులు బొర్రా గుహలు, అరకు చూడడానికి వస్తారు. 2017 నుండి అద్దాల పెట్టె కూడా వేశారు. సొరంగం వచ్చిందంటే అందరూ కేకలు వేసి, కిటికీలోంచి ఫోన్లు చాపి ఫొటోలు తీస్తారు.

అదే సొరంగం గోడలో మనిషి ఒదిగి నిలబడడానికి గూళ్ళు ఉంటాయి. బండి వచ్చినప్పుడు లైను పనివాళ్ళు ఆ గూటిలోకి పోతారు. మా చిన్నమామ ట్రాక్‌మన్. బండిలో అంతమంది ఫొటోలు తీశారు గాని, మామ పనిలో ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటి లేదు. ఉన్నది ఆధార్ కార్డు మీదదే.

ఆయన పని ఏమిటో రాస్తాను. వానాకాలం రాత్రి దీపం, జెండాలు, పటాకాలు పట్టుకుని తన బీటు అంతా నడవాలి. కొండచరియ పడిందా, కంకర కొట్టుకుపోయిందా అని చూడాలి. పటాకా అంటే పండగది కాదు. దాన్ని డిటోనేటర్ అంటారు. పట్టా మీద కట్టి పెడితే, చక్రం ఎక్కగానే పేల్తాది. డ్రైవరు విని బండి ఆపుతాడు. లైను మీద రాయి పడితే 600 మీటర్ల దూరంలో ఒకటి, 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. వానలో, చీకట్లో, అంత దూరం పరుగెత్తాలి. బండిలోవాళ్ళు నిద్రలో ఉంటారు. వాళ్ళకు తెలీదు.

పేరు ఎందుకు ముఖ్యం?

ఒక హోటల్ గోడకు ధింసా ఆడుతున్న పెద్ద ఫొటో ఉంది. కింద “గిరిజన నృత్యం” అని రాసి ఉంది. ఆ వరసలో మూడో ఆమె మా అమ్మమ్మ. ఫొటో తీసిన ఆయన పేరు మూలన చిన్న అక్షరాలతో ఉంది. ఆడినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అమ్మమ్మకు చదువు రాదు గనుక పేరు లేకపోయినా తెలియదని అనుకున్నారేమో. నేను చదివి చెప్పినాను. అమ్మమ్మ, “మనకి పేర్లు లేవేటి?” అంది.

క్లింటన్ షెడ్డులో మసి తుడిచిన ఆమెకు పేరు ఉన్నప్పుడు మా అమ్మమ్మకు, మా మామకు కూడా ఉండాలి. పేరు లేకపోతే మనిషి కూడా కొండలాగ, సొరంగంలాగ చూసే వస్తువు అయిపోతాడు. పేరు, పని రాస్తే మనిషిగా మిగులుతాడు.

ఎలా తీయాలి?

1. ముందు అడగాలి. వద్దంటే మానేయాలి.

2. పని ఆపించకూడదు. పట్టాల మీద ఉన్న మనిషిని పిలిచి ఇటు చూడమనకూడదు. ఆయన చూపు బండి మీదే ఉండాలి.

3. మనం పట్టాల మీదికి పోకూడదు. ప్లాట్‌ఫారం మీద గీత వెనకాల, గేటు బయట నిలబడాలి. అనుమతి లేకుండా లైను మీదికి పోతే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు గాని, 1000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

4. పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటాది. సెల్ఫీ కోసం పెట్టె మీదికి ఎక్కితే తీగను ముట్టుకోకపోయినా చంపేస్తుంది.

5. ముఖం ఒక్కటే కాదు, చేతులు, గునపం, స్పానర్, టిఫిన్ డబ్బా కూడా తీయాలి. పని వాటిలో ఉంటుంది.

6. మిట్టమధ్యాహ్నం టోపీ నీడలో కళ్ళు కనబడవు. పొద్దున్న గాని సాయంత్రం గాని బాగుంటుంది.

7. ఫొటో కింద పేరు, ఊరు, పని, తేదీ రాయాలి. ఏ మాట రాశామో వాళ్ళకు చదివి వినిపించాలి. ఒక కాపీ ఇవ్వాలి.

ఒక మనవి

హాస్టల్‌లో మనకు ఫోన్లు లేవు. ఉండాలని కూడా నేను అడగడం లేదు. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అన్న ఫోన్‌తో తీయవచ్చు. లేనివాళ్ళు బొమ్మ వెయ్యవచ్చు. గేట్‌మన్, స్టేషన్‌లో చెత్త ఊడ్చే అమ్మ, 2022 నుండి ట్రైన్ మేనేజర్ అని పిలుస్తున్న గార్డు, సంతకు పోయే బండిలో పళ్ళు అమ్మే అక్క, ఎవరైనా సరే. లైను లేని ఊరివాళ్ళు బస్సు కండక్టర్‌ని తీయండి. వార్డెన్ మేడంగారు దయచేసి వచ్చే గోడపత్రికలో వాటికి ఒక చార్టు చోటు ఇవ్వవలెనని కోరుతున్నాను.

మా మామ పేరు, అమ్మమ్మ పేరు నేను ఇక్కడ రాయలేదని మీరు అడగవచ్చు. గోడ మీద రాయవచ్చా అని వాళ్ళను ఇంకా అడగలేదు. సెలవుల్లో అడుగుతాను. సరే అంటే వచ్చే సంచికలో పెద్ద అక్షరాలతో రాస్తాను.

ఇట్లు,
మీ 9వ తరగతి విద్యార్థిని