సీడీ ప్లేయర్ గరగరమంటోందా? బాగు చేయించాలా, మార్చేయాలా?

పాటలన్నీ ఫోన్‌లోనే ఉంటే ఇంకా సీడీ ప్లేయర్ గోల ఎందుకు అంటారా? మన అనంతపురం వైపు చాలా ఇళ్లల్లో బీరువా మీద ఒక పాత ప్లేయర్, పక్కనే మార్కర్‌తో పేరు రాసిన నాలుగు సీడీలు ఉంటాయి. జేజినాయన పాడిన నాటకం పద్యాలో, ఊళ్లో భజనో అయ్యుంటాయి. అవి యూట్యూబ్‌లో దొరకవు కదా. అందుకే ఈరోజు ఈ టాపిక్.

మెకానిక్ దగ్గరికి పోకముందే ఒక చిన్న టెస్ట్ చేయండి. సీడీ తిరుగుతున్నప్పుడు వాల్యూమ్ సున్నాకి తగ్గించండి. శబ్దం ఎక్కడినుంచి వస్తోంది, పెట్టెలోంచా, స్పీకర్‌లోంచా?

పెట్టెలోంచి వస్తుంటే ఇంకో సీడీ వేసి చూడండి. శబ్దం పోతే ప్లేయర్ బాగానే ఉన్నట్టు. మొదటి సీడీ వంగిపోయి ఉండొచ్చు, లేదా దానిమీద స్టిక్కర్ ఒక పక్కకి అతికించి ఉండొచ్చు. ఏ సీడీ వేసినా అదే శబ్దమా? అయితే మొదటి పాట, చివరి పాట పోల్చి వినండి. ఆడియో సీడీని లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. మొదట్లో నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరిగి, చివరికి 200కి తగ్గుతుంది. అందుకే మొదటి పాటకి గట్టిగా గరగరమని, పోనుపోను తగ్గితే అనుమానం తిప్పే మోటార్ మీద. పాట మార్చినప్పుడే టకటకమంటే లెన్స్‌ని జరిపే పళ్ల చక్రాల్లో దుమ్ము పడి ఉండొచ్చు, గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు.

మన దగ్గర ఇది మామూలే. ఎండ నలభై దాటుతుంది, ఆషాఢం గాలికి దుమ్ము లేస్తుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపైతే హగరి ఇసుక పొలాల్లోకే వచ్చి పడుతుంది. ఇంక ప్లేయర్‌లోకి రాదా!

ఇప్పుడు స్పీకర్ శబ్దం. బటన్ తిప్పినప్పుడు బరబరమంటే వాల్యూమ్ కంట్రోల్‌లో దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు పోతుంది. సీడీ లేకపోయినా గుయ్యిమంటుంటే పవర్ సప్లైలో కెపాసిటర్ పోయి ఉండొచ్చు. అది మెకానిక్ పని, మీరు విప్పొద్దు. ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది. పాట ఎగిరెగిరి పడుతుంటే ముందు సీడీని మెత్తని బట్టతో మధ్యలోంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు. తర్వాత ప్లగ్ తీసి, లెన్స్ మీద దుమ్ము బ్లోయర్‌తో ఊదండి. ప్లేయర్ నడిచేటప్పుడు లెన్స్‌లోకి మాత్రం చూడొద్దప్పా. ఆ లేజర్ 780 నానోమీటర్లది, కంటికి సరిగ్గా కనిపించదు. అందుకే డేంజర్.

సరే, ఏం చేయాలి? దుమ్ము, గ్రీజు, వాల్యూమ్ కంట్రోల్ అయితే బాగు చేయించండి. మోటార్ గానీ, లేజర్ యూనిట్ గానీ పోతే ముందు స్పేర్ దొరుకుతుందా అని అడగండి. దొరికినా, అలాంటి పాత ప్లేయర్ మంచి కండిషన్‌లో వచ్చే ధరలో సగం దాటితే నేనైతే వదిలేస్తా. అడ్వాన్స్ ఇచ్చే ముందే మొత్తం ఎంతవుతుందో చెప్పించుకోండి.

అన్నిటికంటే ముఖ్యం ఇది. ప్లేయర్ పోతే ఇంకోటి వస్తుంది, జేజినాయన గొంతు రాదు. ఇంట్లో రాసుకున్న సీడీల్లో రికార్డింగ్ ఒక రంగు పొరలో ఉంటుంది. ఎండకి, వేడికి ఆ పొర పాడవుతుంది. అందుకే రిపేరుకంటే ముందు కాపీ. లాప్‌టాప్‌కి యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తగిలిస్తే చాలు. అది లేకపోతే పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో అడగండి. 74 నిమిషాల ఆడియో సీడీ వేవ్ ఫైల్‌గా దాదాపు 780 ఎంబీ. ఫ్లాక్ చేస్తే క్వాలిటీ తగ్గకుండానే సైజు బాగా తగ్గుతుంది. ఒక కాపీ ఫోన్‌లో, ఇంకోటి వేరే చోట పెట్టండి.

ఈ ఆదివారమే బీరువా మీద సీడీలు దించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.