మోకాలి లోపల చూసే కొలువు

కల్వకుర్తి గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతుంటే మోకాలు టక్కుమంటుంది. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంటుంది, నొప్పి మాత్రం తగ్గదు. ఇలాంటి దోస్తులు మీకూ ఉండే ఉంటారు. లిగమెంట్, మెనిస్కస్ ఎక్స్‌రేకు చిక్కవు. వాటికి ఎంఆర్‌ఐ కావాలి. ఎముక కీలు దాకా చితికితే సీటీ స్కాన్.

ఎంఆర్‌ఐ అయస్కాంతం, రేడియో తరంగాలతో మోకాలిని 3-4 మిల్లీమీటర్ల పొరలుగా చూపిస్తుంది. రిపోర్టు రాసేది రేడియాలజిస్టే. కానీ కాయిల్ సరిగా అమర్చకపోయినా, పేషెంట్ కాలు కదిలినా బొమ్మ మసకబారి, తెగిన లిగమెంట్ కనపడకుండా పోవచ్చు. ఆ బాధ్యత టెక్నాలజిస్టుది. జేబులో తాళాలున్నాయా, ఒంట్లో పేస్‌మేకర్ ఉందా అని అడగాల్సిందీ అతనే. ఆ అయస్కాంతం రాత్రీపగలూ ఆన్‌లోనే ఉంటుంది మరి!

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లు రెండేళ్ల డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీలో చేరొచ్చు. డిగ్రీ కావాలంటే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ బీఎస్సీ నోటిఫికేషన్లపై కన్నేయండి. 2022లో మన నాగర్‌కర్నూల్‌కే మెడికల్ కాలేజీ వచ్చింది, వెళ్లి వాకబు చేయండి. ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టేముందు పారామెడికల్ బోర్డు గుర్తింపు చూడండి. ఎంఆర్‌ఐ ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో, వారానికి ఎన్ని రోజులో అడగండి. ఎక్స్‌రే గదిలోనే శిక్షణ ముగిస్తే ఆ సంగతి ఇంటర్వ్యూలో ఇట్టే తేలిపోతుంది.