‘ఎ’ సినిమాకి పిల్లలొద్దు

సొంత సినిమా ప్రచారంలో ‘మా సినిమాకి రావద్దు’ అని చెప్పే హీరోలు అరుదు. 2025 మే 1న విడుదలైన ‘హిట్: ది థర్డ్ కేస్’ విషయంలో నాని ఆ పని చేశారు. పిల్లల్ని తీసుకురావద్దని, సున్నిత మనస్కులు దూరంగా ఉండాలని ముందే చెప్పేశారు. రక్తం ఏరులై పారే ఆ సినిమాకి సెన్సార్ వాళ్లిచ్చింది ‘ఎ’ సర్టిఫికెట్.

మన సర్టిఫికెట్లకి మూలం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం. మొదట్లో యు, ఎ మాత్రమే ఉండేవి. 1983లో యుఎ వచ్చింది, 2023 సవరణతో అదే యుఎ 7+, 13+, 16+ అని మూడు ముక్కలైంది.

చాలామందికి తెలియని మెలిక ఇక్కడే ఉంది. ‘ఎ’ సినిమాని 18 ఏళ్లలోపు వాళ్లకి చూపించడం నేరం. బడికెళ్లే పిల్లాడి పక్కన అమ్మానాన్నలున్నా, చేతిలో టికెట్టున్నా గేటు దగ్గర ఆపాల్సిందే. యుఎ 16+ సంగతి అలా కాదు. ఆ సినిమాకి పదేళ్ల పిల్లని వెంటబెట్టుకెళ్తే ఎవరూ ఆపలేరు. ఆ అంకె తల్లిదండ్రుల కోసమేననీ, వాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని అమలు చేయడానికి వీల్లేదనీ చట్టమే చెబుతోంది. అంటే అసలు సెన్సార్ అధికారులు మీరే!

నిర్మాతలకి మాత్రం ‘ఎ’ అంటే గుబులు. కుటుంబ ప్రేక్షకులు తగ్గుతారు. ‘ఎ’ సినిమాని ఉన్నదున్నట్టుగా టీవీలో వేయడానికీ కుదరదు, కత్తిరించి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రజనీకాంత్, నాగార్జున నటించిన ‘కూలీ’కి 2025లో ‘ఎ’ ఇస్తే, యుఎ కావాలంటూ నిర్మాణ సంస్థ మద్రాసు హైకోర్టు మెట్లెక్కింది. అప్పటికే సినిమా హాళ్లలో ఆడుతోంది. కోర్టు ఆ అభ్యర్థనని కొట్టేసింది. నరుకుడు సీన్లు ఉంచుకుంటాం, పిల్లల టికెట్ డబ్బులూ కావాలంటే ఎలా?

అయితే సెన్సార్ బోర్డు వైపూ ఒక లోటుంది. సినిమాకి ముందు తెరమీద మెరిసి మాయమయ్యే సర్టిఫికెట్‌లో నంబరు, తేదీ, నిడివి, చూసిన సభ్యుల పేర్లు అన్నీ ఉంటాయి. ‘ఎ’ ఎందుకిచ్చారో ఉండదు. హింసకా, శృంగారానికా, బూతులకా? ఉన్నా, ప్రేక్షకుడు పాప్‌కార్న్ పట్టుకుని సీట్లో కూర్చున్నాక ఏం లాభం?

ఓటీటీలకైతే కారణం చెప్పే పనిని 2021 ఐటీ నిబంధనలు అప్పగించాయి. వయసుతో పాటు హింస, మత్తుమందులు వంటి కారణాన్నీ చూపాలి, 13+ నుంచి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు ఇవ్వాలి. బ్రిటన్‌లో సినిమాలకి రేటింగ్ ఇచ్చే బీబీఎఫ్‌సీ థియేటర్ సినిమాలకీ ఈ వివరం ఇస్తుంది. మన ‘యానిమల్’ అక్కడ కూడా 18 రేటింగే తెచ్చుకుంది, కానీ ఎందుకన్నది ప్రేక్షకుడు టికెట్ కొనకముందే చదువుకోవచ్చు. చిన్న ఫోన్‌లో ఓ సిరీస్ చూసేవాడికి దక్కే సమాచారం, నలభై అడుగుల తెర ముందు కూర్చునేవాడికి దక్కకపోవడం విడ్డూరం. పోస్టర్ మీద, బుకింగ్ పేజీలో ఒక్క వాక్యం రాయమని బోర్డు అడిగితే సరిపోతుంది.

అందాకా యాప్‌లో సీట్లు ఎంచుకునే ముందు సినిమా పేరు కిందున్న ఆ చిన్న అక్షరాన్ని ఒకసారి చూసుకోండి. ‘ఎ’ సినిమాకి పిల్లలతో వెళ్లి గేటు నుంచి వెనక్కి వచ్చినవాళ్లకి మల్టీప్లెక్సులు సాధారణంగా డబ్బులు తిరిగివ్వవు.