పుండు మానినా మానని నొప్పి

సర్పి (కొన్నిచోట్ల అక్కి అంటారు) వచ్చి తగ్గిన పెద్దవారిలో కొందరికి పొక్కులు మాడిపోయినా ఆ చోట మంట, పోట్లు మిగిలిపోతాయి. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. మీ ఇంట్లో అటువంటి వారుంటే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

"పైకి ఏమీ లేదు కదా, ఇంకా నొప్పేమిటి?" ఇంటిల్లిపాదిలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఎప్పుడో ఆటలమ్మ తెచ్చిన వైరస్సే నరాల మూలాల్లో దాగి ఉండి, ఏళ్ళ తరువాత సర్పిగా లేచి ఆ నరాన్ని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న నరం, చర్మం మానినా సరే, మెదడుకు నొప్పి కబురు పంపుతూనే ఉంటుంది. ఒంటిమీది గుడ్డ రాసుకున్నా, ఫ్యాను గాలి తగిలినా అమ్మ విలవిలలాడితే అది నటన కాదు. నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది.

నమ్మరని తెలిసిన మనిషి చెప్పడం మానేస్తారు. లేదా నమ్మేదాకా చెబుతూనే ఉంటారు. రెండోదాన్ని మనం "సణుగుడు" అంటాం! నొప్పి వల్ల నిద్ర పోతుంది, నిద్ర లేక నొప్పి పెరుగుతుంది, చిరాకు, దిగులు వాటి వెంటే వస్తాయి.

డాక్టరు అమిట్రిప్టిలిన్ రాస్తే "ఇది మనసు జబ్బు మందట" అని కంగారుపడి మానిపించకండి. దిగులుకు వాడే మందే అయినా తక్కువ మోతాదులో నరాల నొప్పిని తగ్గిస్తుంది. గుణం కనబడటానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నోరు ఎండటం, మగత ఉండవచ్చు కనుక రాత్రిపూట బాత్‌రూముకు లేచినప్పుడు తోడు వెళ్ళండి.

గంటగంటకూ "నొప్పి ఎలా ఉంది?" అని అడగనక్కరలేదు. "రాత్రి నిద్ర పట్టిందా?" అని ఒక్కసారి అడిగితే చాలు. పనులన్నీ లాగేసుకుని మంచానికి అంకితం చేయవద్దు. ఆకుకూర వలవడం, మనవడి చేత పాఠం చదివించడం వంటివి వారికే వదలండి. బాగున్న రోజున అన్నీ చేసేసి మర్నాడు లేవలేకపోవడం మామూలే. అలసట రాకముందే ఆపమని చెప్పండి. దగ్గరుండి చూసుకునే కోడలికో కూతురికో కూడా వారంలో ఒక పూట విశ్రాంతి కావాలి. ఆ వంతు అన్నదమ్ములు తీసుకోవచ్చు.

"ఇలా బ్రతికి ఏం లాభం" అన్న మాట వినబడితే ఊరికే అన్నారులే అనుకోకండి. ఒంటరిగా వదలక, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.